అలసిన గుండె, బిగిసిన నాళం: ఒక చికిత్సా చరిత్ర

సూరత్ నగరంలో కతార్‌గామ్ దర్వాజా సమీపాన ఆంగ్లేయుల పాత శ్మశానవాటిక ఒకటి ఉన్నది. గుమ్మటాలతో, స్తంభాలతో మొగలాయి సమాధి మందిరాలను తలపించే ఆ కట్టడాలలో 1659లో మరణించిన క్రిస్టఫర్ ఆక్సెండెన్, 1669లో మరణించిన ఆయన సోదరుడు సర్ జార్జి ఆక్సెండెన్ విశ్రమిస్తున్నారు. సర్ జార్జి సూరత్‌లోని ఈస్టిండియా కంపెనీ వర్తకస్థానానికి అధ్యక్షుడు. తపతీ తీరాన నూలుబట్ట కోసం, నీలిమందు కోసం, సుగంధ ద్రవ్యాల కోసం దిగిన కంపెనీ ఉద్యోగులలో ఎందరో తిరిగి ఓడ ఎక్కలేదు. వారి ఐశ్వర్యానికి ఆ గుమ్మటాలు సాక్ష్యమైతే, వారి కాలపు వైద్యం ఎంతవరకు వెళ్ళగలిగిందన్నదానికి కూడా అవే సాక్ష్యం.

సర్ జార్జి మరణించిన కొద్ది సంవత్సరాలకే ఒక వైద్యుడు ఈ నగరానికి వచ్చాడు. ఆయన పేరు జాన్ ఫ్రైయర్. కంపెనీ శస్త్రవైద్యుడుగా 1672 చివర ఇంగ్లండు విడిచిన ఫ్రైయర్ 1673లో మన మచిలీపట్నంలో దిగాడు. అక్కడినుంచి చెన్నపట్నం, బొంబాయి చూచి 1674లో సూరత్ చేరాడు. తన అనుభవాలను గ్రంథంగా 1698లో ప్రకటించాడు. మచిలీపట్నంలో కంపెనీ వర్తకస్థానం 1611లో వెలసింది. సూరత్‌లో వర్తకానికి జహంగీరు ఫర్మానా 1613లో లభించింది. తూర్పు తీరపు తెలుగు రేవునూ, పడమటి తీరపు గుజరాతీ రేవునూ ఒకే జీవితంలో చూచిన ఈ వైద్యుని మందులపెట్టె మన చరిత్రకు తగిన ఆరంభం.

ఆ రోజుల్లో ఒక రోగి నడిరాత్రి ఊపిరాడక లేచి కూర్చుని, కిటికీ పట్టుకుని గాలికోసం తపిస్తూ, నోట నురగ వస్తుండగా వైద్యుని పిలిపించాడనుకుందాం. నేడు దానిని తీవ్ర హృదయ వైఫల్యమని, ఊపిరితిత్తులలో నీరు చేరిందని చెబుతాము. హార్వే రక్తప్రసరణ సిద్ధాంతం 1628లోనే వెలువడింది. కాని దానిని రోగి పడక దగ్గర వినియోగించే సాధనం ఏదీ 17వ శతాబ్ది వైద్యునికి లేదు. గుండె చప్పుడు వినే స్టెతస్కోపు 1816 వరకు రాలేదు. ధమనిలోని రక్తపీడనాన్ని తొలిసారి ఒక గుర్రంలో కొలిచి స్టీఫెన్ హేల్స్ తన గ్రంథంలో ప్రకటించింది 1733లో. గుండెజబ్బుతో వచ్చే ఉబ్బుకు డిజిటాలిస్ ఆకు ఉపయోగాన్ని విలియం విదరింగ్ వివరించింది 1785లో. అందువల్ల ఆ కాలపు వైద్యుని చేతిలో మిగిలినది కత్తి ఒక్కటే. అతడు సిరను కోసి రక్తం తీసేవాడు.

ఈ విషయంలో తూర్పు పడమరలకు పెద్ద భేదం లేదు. సుశ్రుత సంహితలో సిరావ్యధకు ప్రత్యేక స్థానం ఉన్నది. యూనానీ హకీములకు రక్తమోక్షణం నిత్య చికిత్స. చరకుడు హృద్రోగాన్ని ఐదు విధాలుగా విభజించాడు. సిద్ధాంతాలు వేరైనా మూడు సంప్రదాయాలూ సిర దగ్గర కలుసుకున్నాయి. రక్తం తీయించుకున్నవారిలో ఎక్కువమందికి దానివల్ల మేలు కలగలేదు, కీడు కలిగినవారు తక్కువ కాదు. కాని ఊపిరాడని రోగులలో కొందరికి, రక్తం కారుతుండగానే, ఆయాసం తగ్గిన మాట నిజం. ఆ కొద్దిపాటి నిజమే రెండు శతాబ్దాల తరువాత ఒక కొత్త ఔషధానికి దారి చూపింది. ఈ చికిత్స రోగికి ఉపశమనం ఎలా ఇచ్చింది, ఆయుష్షు కూడా ఇచ్చిందా అన్న రెండు ప్రశ్నలను విడదీసి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తూము, కాలువ, గుండె

రక్తం తీయడం ఎందుకు ఉపశమనం కలిగించిందో తెలియాలంటే గుండె పనిని కొంత గమనించాలి. ఊరి చెరువు కింద సేద్యం చేసినవారికి ఇది కష్టం కాదు. ఏతం తోడిన నీరు కాలువలో సాఫీగా పారితేనే మడి తడుస్తుంది. కాలువ పూడిపోయి ఇరుకైతే నీరు వెనక్కు తన్ని గట్టు తెంచుతుంది. అప్పుడు ఏతం తొక్కేవానిని అదలించి ప్రయోజనం లేదు. కాలువను వెడల్పు చేయాలి, లేదా వచ్చే నీటిని తగ్గించాలి.

గుండె కండరం బలహీనపడినప్పుడు శరీరం దానిని రక్తస్రావంగా, ప్రాణాపాయంగా భావించి ప్రతిక్రియ జరుపుతుంది. నాడులు, హార్మోన్లు రక్తనాళాలను బిగిస్తాయి. కత్తివేటు తిన్న మనిషిలో ఈ బిగింపు ప్రాణం కాపాడుతుంది. గుండె అలసినవానిలో అదే శత్రువవుతుంది. ధమనులు బిగిసినకొద్దీ ఎడమ జఠరిక ఎక్కువ నిరోధానికి ఎదురొడ్డి రక్తాన్ని నెట్టవలసివస్తుంది. సిరలు బిగిసినకొద్దీ అంతవరకు వాటిలో నిలువ ఉన్న రక్తం గుండెమీదికి, ఊపిరితిత్తులలోనికి తోసుకొస్తుంది. నెట్టలేని గుండె వెనుక పీడనం పెరిగి, సూక్ష్మ రక్తనాళాల నుంచి నీరు ఊపిరితిత్తుల గాలిగదులలోనికి ఊరుతుంది. రోగి నేలమీద కూర్చునే మునిగిపోతాడు. గమనించదగిన విషయమేమంటే, అకస్మాత్తుగా ఇలా జరిగిన చాలమందిలో శరీరంలోని మొత్తం నీరు అంతగా పెరిగి ఉండదు. ఉన్న నీరే ఉండకూడని చోటికి చేరుతుంది.

సిరను కోసినప్పుడు గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గేది. 20వ శతాబ్ది మధ్యకాలం వరకు వైద్యులు చేతులకు, తొడలకు పట్టీలు బిగించి, వాటిని వంతులవారీగా విప్పుతూ రక్తాన్ని అవయవాలలోనే నిలిపే ప్రయత్నం చేసినది కూడా ఇందుకే. రక్తాన్ని బయటికి పోనీయకుండా, నాళాలనే సడలించి అదే ఫలితం సాధించగల పదార్థం ఉంటే? ఈ ప్రశ్నకు తొలి సమాధానం ఎడింబరోలో దొరికింది.

1867: ఒక యువవైద్యుని తర్కం

ఎడింబరో రాయల్ ఇన్‌ఫర్మరీలో థామస్ లాడర్ బ్రంటన్ అనే యువకుడు గృహవైద్యుడుగా పనిచేస్తుండేవాడు. 1844లో జన్మించిన ఆయనకు అప్పటికి ఇరవైమూడేళ్ళు. రాత్రివేళ గుండెనొప్పితో విలవిలలాడే రోగులను చూచి, నొప్పి వచ్చిన సమయంలో వారి నాడి గతిని యంత్రంతో కాగితంమీద నమోదు చేశాడు. నొప్పి ముదిరినప్పుడల్లా ధమనిలో ఉద్రిక్తత పెరుగుతున్నట్లు ఆ రేఖలు చూపాయి. కొద్దిగా రక్తం తీసినప్పుడు నొప్పి తగ్గడాన్ని కూడా ఆయన గమనించాడు. ఉద్రిక్తత తగ్గడమే ఉపశమనానికి కారణమైతే, ఉద్రిక్తతను తగ్గించే పదార్థం రక్తమోక్షణానికి బదులు పనిచేయాలి కదా అని ఆయన తర్కించాడు.

అటువంటి పదార్థం అప్పటికే ఉన్నది. ఫ్రెంచి రసాయనవేత్త బలార్ 1844లో తయారుచేసిన ఎమైల్ నైట్రైట్‌ను పీల్చినవారి ముఖం ఎర్రబారుతుందని ఫ్రెడరిక్ గథ్రీ 1859లో గుర్తించాడు. అది జంతువులలో ధమనీపీడనాన్ని తగ్గిస్తుందని ఆర్థర్ గాంజీ ప్రయోగాలు సూచించాయి. బ్రంటన్ కొన్ని చుక్కలను గుడ్డమీద వేసి రోగిచేత పీల్పించాడు. నిమిషం లోపున నొప్పి మాయమైంది. ఈ ఫలితాలను ఆయన 1867 జూలైలో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు.

వైద్య చరిత్రలో ఇది చిన్న సంఘటన కాదు. అంతవరకు మందులు అనుభవం నుంచి, అలవాటు నుంచి, అదృష్టం నుంచి వచ్చేవి. ఇక్కడ ఒక కొలత ఒక ఆలోచనకు, ఆ ఆలోచన ఒక మందుకు దారితీసింది. వేయి సంవత్సరాల సిరావ్యధకూ ఆధునిక రక్తనాళ వ్యాకోచ చికిత్సకూ మధ్య వంతెన వేసినవాడు బ్రంటన్ అని చెప్పవచ్చు. ఆయన పరిశీలించినది గుండెనొప్పినే గాని హృదయ వైఫల్యాన్ని కాదు. అయినా సూత్రం ఒక్కటే.

హైదరాబాదులో బ్రంటన్

ఈ బ్రంటన్ తెలుగు పాఠకులకు పరాయివాడు కాడు. సూరత్‌కు ఫ్రైయర్ మన తీరం మీదుగా వచ్చినట్లే, రక్తనాళ వ్యాకోచ చికిత్సకు ఆద్యుడైన ఈ వైద్యుడు కూడా మన నేలమీద కొన్ని వారాలు గడిపాడు. క్లోరోఫారం మత్తులో రోగులు అకస్మాత్తుగా మరణించడం అప్పట్లో వైద్యలోకాన్ని కలవరపెట్టిన సమస్య. మరణం గుండె ఆగడంవల్లనా, శ్వాస ఆగడంవల్లనా అన్నది వివాదం. హైదరాబాదు రెసిడెన్సీ శస్త్రవైద్యుడు, అక్కడి వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ శ్వాసను గమనిస్తే చాలునని వాదించాడు. 1888లో జరిపిన తొలి పరిశోధనను లాన్సెట్ పత్రిక ప్రశ్నించగా, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వేయి పౌండ్లు మంజూరుచేసి లాన్సెట్ ప్రతినిధినే హైదరాబాదుకు రప్పించాడు. ఆ ప్రతినిధి లాడర్ బ్రంటన్.

1889లో సమావేశమైన రెండవ హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ వందలాది జంతువులపై ప్రయోగాలు జరిపింది. రక్తపీడనాన్నీ శ్వాసనూ ఏకకాలంలో తిరిగే పీపా మీద రేఖలుగా నమోదు చేసింది. భారతదేశంలో ఒక సంస్థానం వ్యయంతో, ఇంత విస్తృతంగా, రక్తపీడనాన్ని కొలుస్తూ జరిగిన ఈ పరిశోధన ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ మత్తువైద్యంలో తొలి మహిళగా ప్రసిద్ధి చెందడం కూడా ఈ వాతావరణ ఫలమే. కమిషన్ లారీ వాదాన్నే సమర్థించింది. శ్వాసే ముందు ఆగుతుందని, గుండెకు నేరుగా భయం లేదని ప్రకటించింది. భిన్నాభిప్రాయంతో బయలుదేరిన బ్రంటన్ కూడా దానిని అంగీకరించాడు.

కాని చరిత్ర అక్కడ ఆగలేదు. 1893లో కేంబ్రిడ్జికి చెందిన గాస్కెల్, షోర్ ఈ నిర్ణయాన్ని ఖండించారు. 1911లో గుడ్‌మన్ లెవీ, తక్కువ మోతాదు క్లోరోఫారం మత్తులోనే గుండె జఠరికలు క్రమం తప్పి కొట్టుకుని, శ్వాసకంటె ముందే ఆగిపోగలవని నిరూపించాడు. హైదరాబాదు రేఖలు తప్పు కావు. వాటినుంచి తీసిన తీర్మానం అవసరానికి మించి పెద్దది. కొలిచినది నిజమే అయినా, కొలవనిది కూడా ఉంటుందన్న ఈ పాఠం రక్తనాళ వ్యాకోచ ఔషధాల చరిత్రలో మళ్ళీ ఎదురవుతుంది.

పేలుడు పదార్థం నుంచి ప్రాణరక్షక మాత్ర

ఎమైల్ నైట్రైట్ ప్రభావం నిమిషాలలో తీరిపోయేది. దానికి బదులు వచ్చిన నైట్రోగ్లిసరిన్ కథ విచిత్రమైనది. ఇటలీ రసాయనవేత్త సోబ్రెరో 1847లో దానిని తయారుచేసి, నాలుకకు తాకించుకోగానే తీవ్రమైన తలనొప్పి వచ్చినట్లు రాశాడు. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ దానినుంచే డైనమైట్‌ను రూపొందించాడు. 1879లో లండను వైద్యుడు విలియం మరెల్, దానిని తనమీద ప్రయోగించుకుని, తల దద్దరిల్లేలా నాడి కొట్టుకోవడాన్ని గమనించి, పలుచని ద్రావణంగా గుండెనొప్పి రోగులకిచ్చి మేలు చూపాడు. వయసు మళ్ళిన నోబెల్‌కు గుండెజబ్బు వచ్చినప్పుడు వైద్యులు ఆయనకు సూచించిన మందు కూడా నైట్రోగ్లిసరినే. ఈ విధి వైపరీత్యాన్ని ఆయన తన లేఖలో పేర్కొని, ఆ ఏడాదే, 1896 డిసెంబరులో కన్నుమూశాడు.

డైనమైట్ కర్మాగారాల కార్మికులు ఈ మందు మరొక గుణాన్ని లోకానికి తెలిపారు. పనిలో చేరిన తొలిరోజుల్లో వారిని బాధించే తలనొప్పి వారం గడిచేసరికి తగ్గేది. ఆదివారం సెలవు తరువాత సోమవారం మళ్ళీ వచ్చేది. అంటే శరీరం దీనికి త్వరగా అలవాటుపడి స్పందించడం మానుతుంది. నేటికీ సిరలోనికి నైట్రోగ్లిసరిన్ ఎక్కించే వైద్యుడు ఒక రోజు గడిచేసరికి అదే మోతాదుకు అదే ఫలితం ఆశించలేడు.

ఈ మందు పనిచేసే విధానం మాత్రం నూరేళ్ళకు పైగా రహస్యంగానే ఉన్నది. రక్తనాళం లోపలి పొర నుంచి ఒక సడలింపు సంకేతం వెలువడుతుందని రాబర్ట్ ఫర్చ్‌గాట్ 1980లో చూపాడు. ఆ సంకేతం నైట్రిక్ ఆక్సైడ్ వాయువేనని 1980ల చివర తేలింది. నైట్రోగ్లిసరిన్ శరీరంలో ఆ వాయువునే విడుదల చేస్తుందని ఫెరిద్ మురాద్ అంతకు ముందే కనుగొన్నాడు. ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. డైనమైట్‌తో సమకూడిన ధనం, అదే పదార్థం గుండెకు మేలు చేసే రహస్యాన్ని ఛేదించినవారికి చేరింది.

మన దేశపు పాలు కూడా ఇందులో తక్కువ కాదు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ సర్పగంధి వేరు అధిక రక్తపోటును తగ్గించడాన్ని 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించాడు. నాడుల బిగింపును సడలించి పీడనం తగ్గించవచ్చునన్న భావానికి ఆ వ్యాసం ప్రపంచవ్యాప్త ప్రచారం కల్పించింది.

కొరడా నుంచి కాడి దించడం వరకు

ఇంత తెలిసినా, హృదయ వైఫల్యంలో రక్తనాళాలను సడలించడానికి వైద్యులు చాలకాలం జంకారు. గుండె బలహీనమైతే దానిని ఉత్తేజపరచాలి గాని, ఉన్న పీడనాన్ని కూడా తగ్గించడమా అన్నది వారి సందేహం. డిజిటాలిస్, మార్ఫిన్, ప్రాణవాయువు, 1960ల నుంచి ఫ్యూరోసిమైడ్ అనే మూత్రకారకం, ఇవే ప్రధాన సాధనాలు. అలసిన ఎద్దును ములుగర్రతో పొడవడమే గాని కాడి బరువు తగ్గించాలన్న ఆలోచన స్థిరపడలేదు.

1970లో స్వాన్, గాంజ్ అనే వైద్యులు కొసన చిన్న బుడగ ఉన్న సన్నని గొట్టాన్ని సిర ద్వారా పుపుస ధమనివరకు పంపి, రోగి పడక దగ్గరే గుండె లోపలి పీడనాలను కొలిచే పద్ధతి ప్రవేశపెట్టారు. దానితో భయం స్థానంలో కొలత వచ్చింది. 1971లో లీడ్స్ నగరంలో మజీద్, శర్మ, టేలర్‌లు ఫెంటాలమైన్‌తో తీవ్ర హృదయ వైఫల్యానికి చికిత్స చేసిన ఫలితాలు ప్రకటించారు. 1972లో ఫ్రాన్సియోసా, కోన్ తదితరులు గుండెపోటు వచ్చిన రోగులకు సోడియం నైట్రోప్రసైడ్‌ను చుక్కచుక్కగా ఎక్కించగా ఊపిరితిత్తుల వైపు పీడనం తగ్గింది, గుండె పంపే రక్తం పెరిగింది. మందు గుండెను ముట్టుకోకుండానే గుండె మెరుగుపడింది.

దీర్ఘకాలిక వైఫల్యంలో తరువాతి అడుగు పడింది. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులలో 642 మంది పురుషులపై జరిపి 1986లో ప్రకటించిన పరీక్షలో హైడ్రలజీన్, ఐసోసార్బైడ్ డైనైట్రేట్ కలిపి తీసుకున్నవారిలో మరణాలు తగ్గాయి. అదే పరీక్షలో ప్రజోసిన్ అనే మరొక వ్యాకోచక ఔషధం రక్తపోటును ఇంకా ఎక్కువగా తగ్గించి కూడా ఆయుష్షును పెంచలేదు. 1987లో 253 మంది తీవ్రరోగులపై ఎనలప్రిల్ ఆరునెలల మరణాలను నూటికి 44 నుంచి 26కు తగ్గించింది. బ్రెజిల్ దేశపు ఒక రక్తపింజరి జాతి పాము విషంపై సెర్జియో ఫెరీరా 1965లో ప్రకటించిన పరిశోధన ఈ ఔషధ వర్గానికి మూలం. అయితే ప్రజోసిన్ ఒక ప్రశ్న మిగిల్చింది. నాళం సడలడమే మేలుకు కారణమైతే అన్ని మందులూ ఒకే మేలు చేయాలి కదా? శరీరంలోని హానికర హార్మోన్ల ధోరణిని అడ్డుకోవడం వేరు, పీడనం దించడం వేరు అని క్రమంగా అర్థమైంది.

పెద్ద పరీక్షల తీర్పు

నడిరాత్రి ఊపిరాడని రోగి విషయంలో ఆశ ఎక్కువగానే ఉండేది. 1998లో ఇజ్రాయెల్ వైద్యులు సంచార అత్యవసర వాహనాలలోనే 104 మంది రోగులను రెండు వర్గాలుగా విభజించి చికిత్స చేశారు. ఎక్కువ మోతాదు నైట్రేట్, తక్కువ మూత్రకారకం పొందిన 52 మందిలో ఏడుగురికి మాత్రమే కృత్రిమ శ్వాసయంత్రం అవసరమైంది. మందుల పాళ్ళు తారుమారైన రెండవ వర్గంలో 52 మందిలో 21 మందికి అవసరమైంది. పరీక్ష చిన్నదే అయినా, తొలి గంటలో నాళాలను సడలించడం నీటిని వెళ్ళగొట్టడంకంటె త్వరితమని అది సూచించింది.

దీని తరువాత పెద్ద ప్రయత్నాలు జరిగాయి. గుండె తానే స్రవించే హార్మోనుకు నకలైన నెసిరిటైడ్‌ను అమెరికా 2001లో ఆమోదించింది. అది విస్తారంగా వాడుకలోకి వచ్చిన తరువాత 2011లో 7,141 మందిపై జరిగిన పరీక్ష ఫలితం వెలువడింది. ఆయాసం తగ్గడంలో భేదం స్వల్పం; మరణాలు తగ్గలేదు; రక్తపోటు పడిపోవడం ఎక్కువైంది. సెరిలాక్సిన్ అనే మరొక మందు 2013లో 1,161 మందిలో గొప్ప ఆశ రేపింది. 2019లో 6,545 మందిపై పరీక్షించినప్పుడు ఆ ఆశ నిలవలేదు. అదే సంవత్సరం 788 మందిలో పలు వ్యాకోచక ఔషధాలను తొలినుంచీ పట్టుదలగా వాడి చూచినా ఆరునెలల మరణాలలో, పునఃప్రవేశాలలో భేదం కానరాలేదు. 2020లో ఫ్రాన్సులోని 15 అత్యవసర విభాగాలలో, సగటున 87 ఏళ్ళ వయసు దరిదాపులలో ఉన్న 503 మంది వృద్ధులపై జరిగిన పరీక్ష కూడా ఇదే చెప్పింది. 2016లో ఐరోపా హృద్రోగ నిపుణుల సంఘం ఈ మందులను పరిగణించాలని సిఫార్సు చేసింది. 2021 నాటికి, సిస్టాలిక్ రక్తపీడనం 110కి పైన ఉన్నప్పుడు పరిగణించవచ్చునని తన మాటను తగ్గించుకున్నది.

హైదరాబాదు కమిషన్ పాఠం ఇక్కడ జ్ఞాపకానికి వస్తుంది. పీడనం తగ్గినట్లు కొలత చూపింది, అది నిజం. రోగికి ఊపిరి ఆడింది, అదీ నిజం. ఆరునెలల తరువాత అతడు బ్రతికి ఉంటాడన్నది మాత్రం ఆ కొలతలో లేదు. అంతమాత్రాన ఈ మందులు నిరుపయోగమని చెప్పరాదు. రక్తపోటు ఎక్కువగా ఉండి, ఊపిరితిత్తులు నిండి మునిగిపోతున్న రోగికి తొలి గంటలో దొరికే ఉపశమనం చిన్న వరం కాదు. అదే మందు రక్తపోటు అప్పటికే పడిపోయినవానికి, బృహద్ధమని కవాటం ఇరుకైనవానికి, కుడి జఠరికకు గుండెపోటు వచ్చినవానికి, సిల్డెనాఫిల్ వంటి మందు వాడినవానికి ప్రాణాంతకం కావచ్చు. కనుక నాలుక కింద మాత్ర పెట్టేముందు చేతికి రక్తపోటు పట్టీ చుట్టవలసి ఉన్నది.

మళ్ళీ సూరత్‌లో

ఫ్రైయర్ చూచిన ఓడరేవు నేడు మగ్గాల నగరం. లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో తెలంగాణ నుంచి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. తమ పిల్లలకోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడిపేంతగా వారి సంఖ్య పెరిగింది. నగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 1964లో ఏర్పడింది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది జనం నగరం విడిచిపోవడం, తరువాత అదే నగరం పారిశుధ్యంలో ఆదర్శంగా నిలవడం మనకు తెలిసినదే. అంటురోగాలకు నగరం నేర్చుకున్న అప్రమత్తత గుండెజబ్బుకు కూడా విస్తరించవలసి ఉన్నది.

ఎందుకంటే మన దేశంలో హృదయ వైఫల్యం వృద్ధాప్యపు జబ్బు మాత్రమే కాదు. దేశంలోని 53 ఆసుపత్రులలో 10,851 మంది రోగుల వివరాలు సేకరించిన జాతీయ నమోదు ప్రకారం వారి సగటు వయసు దాదాపు 60. తొంబై రోజులలో నూటికి 14 మంది మరణించారు. ఫ్రాన్సు పరీక్షలోని రోగికి ఎనభై ఏళ్ళు దాటితే, మన రోగి ఇంకా ఇల్లు నడుపుతున్న మనిషి.

అతడు తన బాధను ఏమని చెబుతాడు? తెలంగాణ నేతగాడు ఆయాసాన్ని దమ్ము అంటాడు. గుజరాతీలో దమ్ అంటే ఉబ్బసం. మాట ఒకటే కావడంవల్ల వినేవారికి సందేహం కలగదు, ప్రమాదం అక్కడే ఉన్నది. పడుకుంటే పెరిగి, లేచి కూర్చుంటే తగ్గే ఆయాసం గుండెది కావచ్చునన్న వివేచన జరగకపోతే, ఉబ్బసం మందుతో తొలి గంట గడిచిపోతుంది. 19వ శతాబ్ది వైద్యులు దీనికి హృదయసంబంధమైన ఉబ్బసమని పేరుపెట్టి మరీ వేరుచేశారు. ఎప్పుడు వస్తుంది, ఎలా కూర్చుంటే తగ్గుతుంది, కాళ్ళు వాచాయా అన్న మూడు ప్రశ్నలు రోగి భాషలో అడగగలగడం కూడా చికిత్సలో భాగమే. ఆసుపత్రులలో భాషా సహాయం సాంస్కృతిక సౌకర్యంగా గాక వైద్య అవసరంగా పాలకులు గుర్తించాలి.

అందుకు తగిన బాటలు కొన్ని ఇప్పటికే పడ్డాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 అత్యవసర సేవ 2007 ఆగస్టులో గుజరాత్‌కు విస్తరించింది. బ్రంటన్ రేఖలు గీసిన నగరం నుంచి ఫ్రైయర్ నడిచిన నగరానికి ఆ వాహనం వచ్చిందని చెప్పుకోవచ్చు. వాహనం వచ్చేలోగా రోగిని కూర్చోబెట్టడం, వచ్చినవెంటనే ప్రాణవాయువు అందించి రక్తపోటు కొలవడం, కొలత అనుమతిస్తే నాళాలను సడలించడం, ఆసుపత్రి విడిచిన తరువాత ఆయుష్షు పెంచగల మందులు ఇంటికి అందుతున్నాయో లేదో చూడడం, ఇవన్నీ ఒకే గొలుసులోని కడియాలు. వ్యాకోచక ఔషధం వాటిలో ఒకటి మాత్రమే. మొదటి గంటను అది దాటించగలదు. తక్కిన రోజులను దాటించవలసినది మందుల క్రమం, కుటుంబం, ప్రభుత్వం.

కతార్‌గామ్ సమాధుల కింద ఉన్నవారి వైద్యునికి కత్తి తప్ప మరొకటి లేదు. మనకు నేడు ఉన్నవి ఎక్కువ. వాటిలో ఏది రోగికి ఊపిరి ఇస్తుందో, ఏది ఆయుష్షు ఇస్తుందో తెలిసి వాడడమే ఈ సుదీర్ఘ చరిత్ర మననుంచి కోరుతున్నది.